పెదవి ఒకచోట, మాట ఒకచోట

మార్తకు యాభై మూడేళ్లు. విజయవాడ పటమటలో, ఆటోనగర్ వైపు పోయే ఒక సందులో, మేడ మీది రెండు గదుల ఇంట్లో కూర్చుని ఆవిడ ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లు చేస్తోంది. అంటే పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. కెమెరావాళ్లు తీసుకొచ్చి పడేసిన గంటల కొద్దీ బొమ్మను కత్తిరించి, వరసలో పెట్టి, రెండు గంటల పెళ్లిగా తయారుచేసి పంపిస్తుంది. వాటిలో తను కళ్లారా చూసిన పెళ్లి ఒక్కటీ లేదు. చర్చి మనిషే అయినా జీలకర్ర బెల్లం ఎప్పుడు, తలంబ్రాలు ఎప్పుడు, అప్పగింతల్లో ఎవరు ముందు ఏడుస్తారు అన్నీ ఆవిడకు తెలుసు. ఏ వరసలో ఏది రావాలన్న సందేహం వస్తే స్టూడియోవాళ్లే ఆవిడకు ఫోన్ చేస్తారు.

పెళ్లికాకముందు ఒక ఫోటో స్టూడియోలో ఆల్బమ్‌లు అంటించే పనికి చేరింది. అక్కడే క్యాసెట్ల రోజుల్లో రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి మిక్సింగ్ నేర్చుకుంది. తర్వాత కంప్యూటర్ వచ్చింది, సీడీలు వచ్చాయి, పోయాయి. ఆవిడ పద్ధతులు మాత్రం అలాగే ఉన్నాయి. కెమెరా మెమరీ కార్డు చేతికి రాగానే బొమ్మంతా రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తుంది, ఎక్కిందో లేదో ఫైళ్లు లెక్కపెట్టి చూస్తుంది. కార్డు మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి పెళ్లికూతురి పేరు రాస్తుంది. పెళ్లివారు వీడియో చూసుకుని సరేననేదాకా ఆ కార్డును ఎవర్నీ చెరపనివ్వదు. ఈ పట్టింపు చూసే హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో ఉన్న వెంకటకృష్ణారావు పద్దెనిమిదేళ్లుగా తన పెళ్లిళ్లన్నీ ఆవిడకే ఇస్తున్నాడు.

ఆవిడకు అన్నిటికన్నా గర్వం తన చెవి మీద. చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడుతుంది. బొమ్మకూ శబ్దానికీ ఒక్క పిసరు తేడా వచ్చినా పట్టేస్తుంది. బాజాలు ఒక్కసారిగా హోరెత్తే గట్టిమేళం, పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి తల మీద పడే క్షణం, రెండూ ఆవిడ చేతిలో ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చునేవి.

ఆ ఏడాది వానాకాలంలో వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గానీ ఎడమ చెవిలో ఏదో హోరు మిగిలిపోయింది. ఫ్రిజ్ పక్కన నిలబడితే వినపడే చప్పుడులాంటిది. ఓ ఆదివారం చర్చిలో పాట రెండో చరణం ఎత్తుకునేటప్పుడు అందరికన్నా అర క్షణం ఆలస్యంగా అందుకుంది. పాటల బృందాన్ని నడిపించే హెలెన్ తల తిప్పి ఒకసారి చూసింది. ఏమైనా అని ఉంటే బావుండేదని మార్తకు ఇంటికొచ్చేదాకా అనిపించింది.

ఆ వారంలోనే గన్నవరం పెళ్లి వచ్చింది. పెళ్లికూతురు సింధూరి, పెళ్లికొడుకు జయంత్. వెంకటకృష్ణారావు మనుషుల్లో ఒకడు ఆ రోజు రాలేకపోయాడు. అందుకని దగ్గర నుంచి తీయడానికి ఒక కెమెరా పెట్టి, మండపం మొత్తం కనపడేలా ఒక ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి వదిలేశారు. అది గంటా యాభై నిమిషాలు ఆపకుండా తీసింది. మాటలూ మంత్రాలూ మేళమూ ఒక చిన్న రికార్డరులో విడిగా పట్టారు. ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి జోడించడం మార్త పని.

మొదటిరోజు మధ్యాహ్నం అబ్రహాము భోజనానికి ఇంటికొచ్చి, తిని కాసేపు పడుకున్నాడు. అబ్రహాము ఆమె భర్త, ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. ఆయన పడుకున్నప్పుడు స్పీకర్లు పెట్టకపోవడం అలవాటు కాబట్టి మార్త తలకు కొత్త హెడ్‌సెట్ తగిలించుకుంది. కూతురు బ్లెస్సీ కొనిచ్చింది, వైరు ఉండదు. పెళ్లి మొదట్లో పంతులుగారు సంకల్పం చెబుతున్నారు. పెదవి ముందు కదులుతోంది, మాట తర్వాత వస్తోంది. మార్త శబ్దాన్ని కాస్త ముందుకు జరిపింది, సరిపోయింది.

మర్నాడు పొద్దున ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి స్పీకర్లు పెట్టుకుని అదే ముక్క చూసింది. ఇప్పుడు మాట ముందు వస్తోంది, పెదవి వెనకబడుతోంది. నిన్న కళ్లు మూసుకుని చేశానా ఏమిటి అనుకుని శబ్దాన్ని వెనక్కి జరిపింది. మొదలు కుదిరింది. చివర తలంబ్రాల దగ్గరికి వెళ్లేసరికి మళ్లీ తేడా, నవ్వు వినపడ్డాక నోరు తెరుచుకుంటోంది. మధ్యాహ్నం హెడ్‌సెట్‌తో చూస్తే ఆ తలంబ్రాలు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున సరిచేసిన మొదలు పాడైపోయింది.

మూడు రోజులు ఇలాగే గడిచాయి. పొద్దున సరిచేసింది మధ్యాహ్నం చెడుతోంది. మధ్యాహ్నం దిద్దింది మర్నాడు పొద్దున వికటిస్తోంది. పిశాచమేదో వచ్చి జరిపిపోతోందా అని కూడా ఒక్క క్షణం అనిపించి, తనమీద తనకే సిగ్గేసి ప్రార్థన చేసుకుంది.

"ఏమండీ, ఒకసారి ఇటొచ్చి చూడండి. మాటా నోరూ కలుస్తున్నాయా?" అని అబ్రహామును అడిగింది.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూశాడు.

"నన్నడుగుతావేంటి మార్తా. నా చెవులు ఎప్పుడో మిషను తినేసింది. నువ్విప్పుడు మాట్లాడేదే నీ మొహం చూసి ఊహించుకుంటున్నా."

పక్కింటి సుబ్బరత్నాన్ని పిలిచింది. సుబ్బరత్నం సంతోషంగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. అయిదు నిమిషాలు కదలకుండా చూసింది.

"ఆ పిల్ల వడ్డాణం చూశారా వదినగారూ, పాతకాలపుది. అమ్మమ్మదై ఉంటుంది."

"వడ్డాణం కాదండీ, మాట చూడండి. పెదాలకీ మాటకీ తేడా ఉందా?"

"ఏమోనండీ, నాకు బానే ఉంది. ఆ వెనక నీలం చీర ఎవరండీ, పాపం, ఏడుపు ఆపుకుంటోంది?"

ఆ సాయంత్రం తనకు కుదిరిందనిపించిన ముక్కను వెంకటకృష్ణారావుకు పంపింది. గంటలో ఫోన్ వచ్చింది.

"మార్తమ్మగారూ, ఏంటండీ ఇది? మొదట్లో మాట ముందొచ్చేస్తోంది. మీరు పంపిందేనా?"

"నేనేనండీ."

"ఒంట్లో బానే ఉందా అమ్మా? తొందరేం లేదు లెండి, నిదానంగా చూడండి" అన్నాడాయన. ఆయన విసుక్కుని ఉంటే మార్త తట్టుకునేది. జాలిపడ్డాడు. ఫోన్ పెట్టేశాక ఆవిడ చాలాసేపు తెర ముందే కూర్చుంది. పంతులుగారు నోరు తెరిచి ఆగిపోయి ఉన్నారు. ఆయన మంత్రం మొదలుపెట్టబోతున్నారో ముగించారో ఆ బొమ్మను చూసి చెప్పడం ఆవిడ వల్ల కాలేదు.

తేడా వీడియోలో ఉందా, తన చెవిలో ఉందా? చెవిలోనే అయితే పొద్దున ఒకలా మధ్యాహ్నం ఒకలా ఎందుకుంటుంది? చెవిలో కాకపోతే చర్చిలో పాట ఎందుకు వెనకబడింది? ఏ వైపు నుంచి ఆలోచించినా రెండో వైపు అడ్డం వచ్చేది.

సూర్యారావుపేటలో ఒక చెవి డాక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు గొట్టాల్లాంటివి తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. సన్నటి కూత వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. మార్త నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కినప్పుడు అద్దం అవతలి అమ్మాయి తలుపు తీసి, "ఇప్పుడు నేనేం వెయ్యలేదండీ" అంది మెల్లగా. ఆ తర్వాత నిజంగా కూత వచ్చినప్పుడు కూడా నొక్కాలా వద్దా అని తడబడింది.

డాక్టరుగారు కాగితం చూసి, ఎడమ చెవిలో సన్నటి శబ్దాలు కొంచెం తగ్గాయని, జ్వరం వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చునని చెప్పింది. మూడు నెలలాగి మళ్లీ చూద్దామంది.

"అందుకేనాండీ నాకు మాట ఆలస్యంగా వినపడేది?"

డాక్టరు అర్థంకానట్టు చూసింది. మార్త తన పనేమిటో, ఏం జరుగుతోందో చెప్పింది.

"వినపడటం తగ్గుతుందమ్మా. మాట ముందు రావడం, వెనక రావడం దీనివల్ల కాదు. అలాగైతే నేను మాట్లాడుతున్నప్పుడు కూడా నా పెదాలు అలాగే కనపడాలి కదా. కనపడుతున్నాయా?"

మార్త ఆవిడ పెదాలకేసి చూసింది. మాటలు పెదాల మీదే ఉన్నాయి. వారం రోజులుగా ఎదురుగా మాట్లాడిన ఒక్క మనిషినైనా తను ఇలా చూడలేదని అప్పుడు తట్టింది.

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే అబ్రహామును పెరటి మెట్ల మీద కూర్చోబెట్టింది. చేతికి ఒక స్టీలు పళ్లెం, గరిటె ఇచ్చింది. ఎదురుగా తన ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టింది. పెళ్లి కార్డులతో పాటు వెంకటకృష్ణారావు పంపిన ఆ చిన్న రికార్డరును మెట్టు మీద పెట్టింది.

"నేను చెయ్యెత్తినప్పుడల్లా గట్టిగా ఒక దెబ్బ కొట్టండి. అంతే."

"ఎంతసేపు?"

"గంట."

"గంటలో ఎన్ని దెబ్బలు?"

"ఏడు. మొదట్లో ఒకటి, తర్వాత పది నిమిషాలకొకటి."

ఆయన ఆవిడ మొహంలోకి చూసి, పళ్లెం ఒళ్లో సర్దుకున్నాడు. మూడో దెబ్బకు సుబ్బరత్నం గోడ మీంచి తొంగిచూసింది. అయిదో దెబ్బకు వీధికుక్క ఒకటి వచ్చి మెట్ల కింద పడుకుంది.

మార్త ఈసారి చెవిని నమ్మదలుచుకోలేదు. కంప్యూటర్‌లో శబ్దం గీతలాగా కనపడుతుంది కదా, దెబ్బ పడిన చోట గీత నిలువుగా లేస్తుంది. గరిటె పళ్లేన్ని తాకిన బొమ్మ దగ్గర ఆ గీత ఉందా లేదా, కళ్లతో చూస్తే చాలు. మొదటి దెబ్బ సరిగ్గా కుదిర్చింది. తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని విన్నది. చప్పుడు ఆలస్యంగా వచ్చింది. హెడ్‌సెట్ తీసేసి డ్రాయరులోంచి పాత వైరు హెడ్‌ఫోన్ తీసి గుచ్చింది. చప్పుడు గరిటె తాకినప్పుడే వచ్చింది. మళ్లీ మార్చింది, మళ్లీ విన్నది. కూతురు కొనిచ్చిన హెడ్‌సెట్ శబ్దాన్ని గాలిలో పంపించుకుని కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది.

సగం చిక్కు విడిపోయిందనుకుంది గానీ ఏడో దెబ్బ దగ్గరికి వెళ్లి చూస్తే గీత ముందుంది, గరిటె ఇంకా గాల్లోనే ఉంది. ఇది హెడ్‌సెట్ చేసింది కాదు. కళ్లకే కనపడుతోంది.

ఇంటర్నెట్‌లో రెండు రోజులు వెతికింది. ఒక కుర్రాడు హిందీలో చెప్పిన వీడియో దొరికింది. సగమే అర్థమయ్యింది. కెమెరా సెకనుకు ఇరవై అయిదు బొమ్మలని పెట్టుకుంటే ఇరవై అయిదే తీస్తుందట. ఫోన్ అలా కాదు, వెలుతురు తగ్గితే బొమ్మలు తగ్గిస్తుంది, పెరిగితే పెంచుతుంది. మిక్సింగ్ సాఫ్ట్‌వేరేమో అన్నీ సమానంగా ఉన్నాయనుకుని పరుస్తుంది. నిమిషానికి పిసరంత తేడా గంటకు చారెడవుతుంది. హెడ్‌సెట్ ఆలస్యం ఒకవైపు, ఫోన్ తేడా ఇంకోవైపు లాగుతున్నాయి కాబట్టే చివర్లో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని తలంబ్రాలు బాగున్నట్టు కనపడ్డాయి. ఇది అర్థమైనప్పుడు మార్తకు సంతోషం కన్నా నీరసమే ఎక్కువ వచ్చింది.

ఫోన్ ఫైలును ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, బొమ్మలన్నీ సెకనుకు ఇరవై అయిదు వచ్చేలా మార్చింది. ఆ పాత కంప్యూటరు నాలుగు గంటలు తీసుకుంది. మార్చినదాన్ని మళ్లీ పరిస్తే సంకల్పం కుదిరింది, గట్టిమేళం కుదిరింది, తలంబ్రాలు దాదాపు కుదిరాయి. ఒకటి రెండు బొమ్మల తేడా ఇంకా ఉందనిపించింది. నిజంగా ఉందో లేదో తేల్చుకోలేక, ఎవరూ మాట్లాడని చోట కత్తిరించి ఆ రెండు బొమ్మలూ జరిపేసింది.

పెళ్లివారు వీడియో చూశారు. శబ్దం గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు. సింధూరి వాళ్లమ్మ రాజ్యలక్ష్మిగారు మాత్రం తమ వదినగారు ఒక్కచోటే కనపడ్డారని నొచ్చుకున్నారట. మార్త వెతికి ఆవిడ ఉన్న మరో మూడు ముక్కలు చేర్చింది.

జరిగింది విన్న వెంకటకృష్ణారావు, "ఇదంతా మా కుర్రాళ్లకి చెప్పాలండీ. వాళ్లకి నేను చెబితే వినరు" అని ఆవిడను హనుమాన్ జంక్షన్ రమ్మన్నాడు. స్టూడియో వెనక గదిలో ఎనిమిది మంది కూర్చున్నారు. మార్త ఒక కాగితం మీద రాసుకొచ్చింది. తీయడం మొదలుపెట్టగానే అన్ని కెమెరాలకూ కనపడేలా ఒక చప్పట కొట్టండి, అయిపోయేముందు ఇంకోటి కొట్టండి. ఫోన్‌తో తీస్తే ముందు మార్చి తర్వాతే మిక్సింగ్‌లో వేయండి. వైరున్న హెడ్‌ఫోనే వాడండి.

"పెళ్లిలో చప్పట్లేంటండీ, పెద్దవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

"మేళంవాళ్లు మొదటి దెబ్బ వేసేటప్పుడు కెమెరా వాళ్ల వైపు తిప్పు బాబూ. అదే చప్పట" అంది మార్త. అది అప్పటికప్పుడు తోచింది, కాగితం మీద లేదు.

వెనక వరసలో చిన్ని అనే ఆవిడ కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి, నూజివీడులో సొంతంగా పుట్టినరోజు ఫంక్షన్లు తీస్తుంది. అందరికన్నా ఎక్కువ రాసుకుంది. చివర్లో పెన్ను ఎత్తి అడిగింది.

"మేడమ్, మీరు అన్నిటినీ రికార్డరుతో సరిచూశారు కదండీ. ఆ రికార్డరే పాత గడియారంలాగా కొంచెం తప్పు నడిస్తే ఎలా తెలుస్తుందండీ?"

మార్తకు తలంబ్రాల దగ్గర జరిపిన ఆ రెండు బొమ్మలు గుర్తొచ్చాయి. వెంకటకృష్ణారావు వైపు చూస్తే ఆయన ఆవిడ వైపే చూస్తున్నాడు.

"నాకు తెలీదమ్మా" అంది. "నీ నంబరివ్వు, తెలిస్తే చెబుతా. నీకు ముందు తెలిస్తే నువ్వే నాకు ఫోన్ చెయ్యి."

కాగితం కింద ఖాళీలో ఆ ప్రశ్న రాసుకుంది. పక్కన చిన్ని నంబరు రాసి, అంకెలు సరిగ్గా విన్నానో లేదోనని ఆవిడ చేత ఇంకోసారి చెప్పించుకుంది.