చీకటమ్మ చూసిన మెట్లు

ఆ ల్యాబులో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ చీకటమ్మే. గదిలో అడుగు పెడుతూనే లైటు తీసేస్తుంది, కిటికీకి నల్లగుడ్డ లాగుతుంది, గాజుగొట్టాలకు వెండికాగితం చుడుతుంది. ఆవిడ వాడే ఆకుపచ్చ రంగు, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది మరి.

"ఇవాళైనా మనిషి మొహం చూడనిస్తావా, చీకటమ్మా?" అంటూ పెద్దాయన వచ్చీరాగానే లైటు వేసేవాడు.

"మీ మొహం నాకు కంఠతా వచ్చు బాబాయ్. తీసెయ్యండి."

పెద్దాయన ఆ ల్యాబులో అందరికంటే పాతవాడు. రక్తంలోని తెల్లకణాలు ఎంత రెచ్చిపోతున్నాయో తెలుసుకోవడానికి ముప్పయ్యేళ్ళు రేడియోధార్మిక పదార్థంతో పనిచేశాడు. ఒంటికి ఎంత ధార్మికత తగిలిందో చెప్పే బిళ్ళ ఛాతీకి తగిలించుకునేవాడు. కడుపుతో ఉన్నవాళ్ళను ఆ గది ఛాయలకు కూడా రానిచ్చేవాళ్ళు కారు. అంత చేస్తే చివరికి యంత్రం ఒక్క అంకె చెప్పి ఊరుకునేది.

చీకటమ్మ పద్ధతిలో ఆ భయం లేదు. కణాలకు రంగు పట్టిస్తారు, అంతే. కణం రెండుగా చీలినప్పుడు తన రంగును పిల్లలిద్దరికీ చెరిసగం పంచుతుంది. ఆ పిల్లలు చీలితే తలా పావు వంతు. రంగు ఎంత పలచబడిందో చూస్తే అది ఎన్నో తరమో తెలిసిపోతుంది.

"నీ రంగునీళ్ళ మాట నేను నమ్మనులే" అనేవాడు పెద్దాయన.

ఆ నెల రక్తం ఇచ్చినావిడ బట్టలు కుట్టే మనిషి. చీకటమ్మ ఆవిడను అత్తా అని పిలిచేది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే అత్త కీళ్ళ మీద పడ్డాయి. కత్తెర వేళ్ళకు ఎక్కడం మానేసింది. చీకటమ్మకు ఆ వేళ్ళు కొత్తవి కావు. వాళ్ళ అక్క చేతులూ అలాగే ముడుచుకుపోయాయి. అక్క పోయేనాటికి మంచినీళ్ళ గ్లాసు కూడా ఇంకొకళ్ళు పట్టుకోవాల్సి వచ్చేది. ఎందుకలా అయిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

సోమవారం నుంచి అత్త కొత్త మందు మొదలుపెట్టాలి. అదే మందును ముందుగా ఆవిడ కణాల మీద వేసి, అవి ఎంతవరకు ఊరుకుంటాయో చూడాలని అత్తకు వైద్యం చేసే డాక్టరమ్మ ఆలోచన. మందు ఒంట్లోకి వెళ్ళాక, మందెరగని కణాలు మళ్ళీ దొరకవు. నరం చిక్కక మూడుచోట్ల పొడిపించుకుని అత్త ఇచ్చింది ఒక్క గొట్టం రక్తం. అందులోంచి తీసిన కణాల్లో సగాన్ని చీకటమ్మ చలిపెట్టెలో దాచింది.

"నామీద ఇంత పగబట్టినవాళ్ళెవరో నాక్కూడా ఓసారి చూపించవే అమ్మాయ్" అని అత్త మాట తీసుకునే వెళ్ళింది.

నాలుగురోజుల తర్వాత మొదటి సగాన్ని యంత్రంలో పెట్టారు. కణాలు ఒకదాని వెనక ఒకటిగా కాంతి ముందు నడుస్తాయి. మందు వేసిన గొట్టంలో అన్నీ నిండు రంగుతో ఉన్నాయి. ఒక్కటీ చీలలేదు.

"భలే ఊరుకున్నాయే" అంది డాక్టరమ్మ, మొహం విప్పార్చుకుని.

చీకటమ్మ రెండో గొట్టం పెట్టింది. అందులో మందు లేదు. ఆ కణాలను కూడా కావాలనే రెచ్చగొట్టారు. అవీ నిండు రంగుతోనే ఉన్నాయి. రెచ్చగొట్టినా కదలలేదంటే ఇవి శాంతించినవి కావు, సొమ్మసిల్లినవి. ఎక్కడ వెలిసిపోతుందోనని రంగు ఓ చుక్క ఎక్కువ పోసింది తనే. ఆ రంగే వాటి పీక నొక్కింది.

"ఇది మందు గొప్పతనం కాదండీ. నా తప్పు" అంది.

పెద్దాయన దెప్పిపొడుస్తాడనుకుంది. ఆయన చలిపెట్టె వైపు చూసి, "మిగతా సగం ఉందిగా. ఈసారి నేను పక్కన నిలబడతా, కొలువు" అన్నాడు.

కొలిచింది. చుక్క చుక్కా లెక్కపెట్టి పంటిబిగువున కొలిచింది. మళ్ళీ నాలుగురోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

ఐదోరోజు పొద్దున రెచ్చగొట్టిన గొట్టం పెట్టగానే తెరమీద మెట్లు లేచాయి. నిండు రంగుది ఒకటి, సగం రంగుది ఒకటి, పావుది ఒకటి. అలా ఏడు మెట్లు. తల్లులు, కూతుళ్ళు, మనవరాళ్ళు, ఎవరి తరంలో వాళ్ళు నిలబడ్డారు. చీకటమ్మ తెరకు దగ్గరగా వంగింది. మూడుచోట్ల పొడిస్తే వచ్చిన రక్తంలో ఇంత సంసారమా. అక్క ఒంట్లోనూ ఇలాంటి మెట్లే ఉండి ఉంటాయి. చూసే దిక్కే లేకపోయింది.

మందు వేసిన గొట్టం పెట్టింది. మొదటి మెట్టు మీదే గుంపు కూడింది. రెండో మెట్టు మీద కొన్ని, మూడో దాని మీద ఇంకొన్ని. ఆ పైన లేవు.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నా అంకెలో ఇంతమంది ఉన్నారని ఎన్నడూ అనుకోలేదే" అన్నాడు మెల్లగా.

అత్త మళ్ళీ మందు కోసం వచ్చినరోజు చీకటమ్మ ఆవిడను తెర ముందు కూర్చోబెట్టింది.

"రంగు సరిసమానంగా పంచుకుంటాయా ఇవి?"

"చెరిసగం అత్తా."

"మావాళ్ళకు ఈ బుద్ధి ఉంటే వాటాలనాడు మా ఇల్లు రెండు ముక్కలయ్యేది కాదు." నవ్వుతూనే వంకరపోయిన వేలు ఎత్తి, మందు వేసిన బొమ్మలో మొదటి మెట్టు మీద ఆనించింది. "ఇక్కడున్నవి?"

"అవి ఊరుకున్నవి. ఒంట్లోనూ ఇలాగే ఊరుకుంటాయో లేదో కొన్నాళ్ళు చూడాలి."

"ఇన్నా" అంది అత్త. వేలు తియ్యలేదు.

కిటికీ వెలుతురుకు తెర సరిగా కనపడటం లేదు. పెద్దాయన లేచి వెళ్ళి, తన చేత్తోనే నల్లగుడ్డ లాగాడు.