రాజ్యలక్ష్మి గారి జర్మనీ బండి

పోయిన నెల గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళి, కల్యాణ మండపం బయట చెప్పులు వెతుక్కుంటున్నాను. వెనకాల ఎవరిదో కారు తలుపు మూసుకున్న చప్పుడయింది. ఈ కాలం కార్ల తలుపులు టప్పున పడతాయి. ఇది అలా పడలేదు. పాతకాలపు భోషాణం మూత వేసినట్టు బరువుగా, మెత్తగా, ఒక్కసారి పడి ఊరుకుంది. తిరిగి చూడకుండానే అది ఏ బండో తెలిసిపోయింది నాకు. ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం ఉన్న ఆ జర్మనీ కంపెనీ బండి, అందులోనూ పాత మోడలు. దగ్గరికి వెళ్ళాను. ఎండకు కాగిన తోలు సీట్ల వాసన, దానికింద సన్నగా డీజిలు వాసన. మేమెక్కి తిరిగిన బండి కాదది. మాది మీగడ రంగు, ఇది ముదురు నీలం. అయినా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు నేలమీద అలా నిలబడిపోయాను. డ్రైవరు కుర్రాడు అనుమానంగా చూసి, "ఎవరి తాలూకండీ?" అని అడిగాడు. రాజ్యలక్ష్మి గారి తాలూకు అని నోటిదాకా వచ్చింది.

ఇది చదివేవాళ్ళలో ఆవిడను చూసినవాళ్ళు ఉండరు. పొట్టి మనిషి. ఎప్పుడూ నేత చీర, మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ. బందరులో వాళ్ళకి రొయ్యల మేతలు, మందులు అమ్మే దుకాణం ఉండేది. దాని వెనక గదిలో చెరువు నీళ్ళు పరీక్షచేసే చిన్న ల్యాబు, నాగాయలంక దగ్గర సొంత చెరువులు. నేను నందివాడ నుంచి బీఎస్సీ పట్టా పట్టుకుని వచ్చి ఆ ల్యాబులో చేరాను. మొదటిరోజు "మేడమ్" అంటే ఆవిడ చుట్టూ చూసి, "ఎవరూ, నేనేనా? పిన్నీ అను, పలుకుతాను" అన్నారు. అప్పటినుంచీ పిన్నిగారే.

బండి మాత్రం ఆవిడ కొన్నది కాదు. రొయ్య బాగా పండిన ఒక ఏడాది వాళ్ళాయన హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన బండిని ముచ్చటపడి తెచ్చుకున్నారు. ఆయన ఎవరు చూడవచ్చినా చెప్పేవారు: ఆ నక్షత్రానికి మూడు కొమ్మలు ఎందుకంటే నేలమీదా, నీటిమీదా, గాలిలోనూ నడిచే ఇంజన్లు తామే చేస్తామని ఆ కంపెనీవాళ్ళ శపథమట. "నేల, నీళ్ళు, గాలి. ఆ మూడూ దివిసీమవాళ్ళకి తెలిసినంతగా జర్మనీవాళ్ళకేం తెలుసులెండి" అని పిన్నిగారు లోపలినుంచి అనేవారు. ఆవిడ చోటు అప్పట్లో వెనక సీటు. డ్రైవరు నడిపేవాడు, ఆయన ముందు కూర్చునేవారు.

నేను చేరిన కొద్ది నెలలకే ఆయన గుండెపోటుతో పోయారు. డ్రైవరు మరోచోట పని చూసుకున్నాడు. బండి షెడ్డులో ఉండిపోయింది. కర్మకాండలన్నీ అయ్యాక ఒక సాయంత్రం గుడివాడ నుంచి పిన్నిగారి మరిది ప్రసాదు గారు దుకాణానికి వచ్చారు. చెడ్డమనిషి కాదు. అన్న పోయిన దిగులు ఆయన ముఖంలో ఇంకా ఉంది.

"వదినా, ఆ బండి అలా పడి ఉంటే ఉప్పుగాలి తినేస్తుంది. నేను గుడివాడ తీసుకుపోయి తిప్పుతుంటాను. మీకు కావలసినప్పుడు ఒక్క ఫోన్ చెయ్యండి, డ్రైవర్నిచ్చి పంపిస్తాను."

"తిప్పేవాళ్ళు లేకపోతే కదా ప్రసాదూ తుప్పు పట్టేది" అన్నారు పిన్నిగారు.

"ఎవరున్నారు తిప్పడానికి?"

"నేనున్నాను."

ఆయన నావైపు చూశారు, నేనేమన్నా సర్దిచెబుతానేమో అన్నట్టు. నేను పరీక్షనాళికలు కడుగుతున్నట్టు తల వంచుకున్నాను. "ఈ వయసులోనా వదినా? అన్నయ్య పోయి ఎన్నాళ్ళయిందని? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీ అన్నయ్య ఉన్నప్పుడూ అనుకున్నారు నాయనా. వెనక కూర్చుంటే మహారాణి అన్నారు. ముందు కూర్చుంటే ఇంకోటంటారు. వాళ్ళ నోళ్ళకి పని ఉండాలి కదా."

ఆ పాత డ్రైవర్నే బతిమాలి, ఆదివారాలు పిలిపించుకుని బీచి రోడ్డులో సరుగుడు తోటల పక్కన నేర్చుకున్నారు. బానెట్ మీదుగా రోడ్డు కనపడక, బూరుగుదూది దిండు ఒకటి కుట్టించి సీటు మీద వేసుకున్నారు. మొదట్లో గేరు మారిస్తే బండి మూలిగేది. ఆవిడ కూడా దానితోపాటు "అబ్బా" అనేవారు. కాలేజీ కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళాపి చూసి నవ్వేవాళ్ళు. ఎండాకాలం వెళ్ళేలోగా ఆవిడ చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళి, చెరువులు చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి బందరు తిరిగొస్తున్నారు. చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు బండి శబ్దం వినగానే లేచి నిలబడేవాళ్ళు. ఆవిడ దిగాక, ఇంకెవరు దిగుతారా అని ఇంకోవైపు తలుపుకేసి చూసేవాళ్ళు.

నన్నూ నేర్చుకోమన్నారు. "నాకెందుకండీ, సైకిలే సరిగా రాదు" అన్నాను. అప్పుడే నాకా కథ చెప్పారు. ఆదివారం పేపరులో చదివారట. ఆ కంపెనీ పుట్టడానికి మూలమైనవాళ్ళలో ఒకాయన మొట్టమొదటి మోటారు బండి చేశాడు గానీ, జనం నమ్మి కొనేవాళ్ళు లేక దిగులుగా షెడ్డులో పెట్టుకున్నాడు. ఒకరోజు తెల్లారగట్ల వాళ్ళావిడ, ఆయనకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని అదే బండిలో పుట్టింటికి బయల్దేరింది. అంతదూరం అంతకుముందు ఎవరూ మోటారు మీద వెళ్ళలేదు. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో దొరికిన ద్రావకం పోయించింది. గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి తోలుముక్క కొట్టించింది. పొద్దుగూకేసరికి వాళ్ళమ్మ గుమ్మంలో దిగింది.

"అంటే చూడు, ఆయన బండి చేశాడు. అది నడుస్తుందని లోకానికి చెప్పింది ఆవిడ" అన్నారు పిన్నిగారు. "లేచి రా. క్లచ్ మీద కాలు పెట్టి కూర్చోకు, అది పీట కాదు."

అలా నేర్చుకున్నాను నేను. తాళం తిప్పగానే స్టార్టు చేయకూడదని, డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు దీపం ఆరేదాకా ఓపికపట్టాలని, అప్పుడే ఇంజను ఒక్క పిలుపుకి లేస్తుందని నేర్పారు. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటే, హారను కొట్టకుండా మిగిలిన సగంలోనించి బండి ఎలా తీసుకెళ్ళాలో నేర్పారు. ఆ బండి మురిపెం ఎంతో, బాధా అంతే. చిన్న రబ్బరు ముక్క కావాలన్నా విజయవాడలో దొరకదు, హైదరాబాదుకి చెప్పి రోజుల తరబడి ఎదురుచూడాలి. అద్దానికి ఒకే ఒక్క వైపరు. తుపాను వానలో ఆ ఒంటి చెయ్యి అటూ ఇటూ ఊగుతుంటే, "పాపం, ఒక్కత్తే ఎంతని తుడుస్తుంది" అనేవారు పిన్నిగారు. పెళ్ళిళ్ళకి అడగనివాళ్ళు లేరు. ఇచ్చేవారు, కాని తనే నడిపేవారు. కృత్తివెన్నులో ఒక పెళ్ళికొడుకు, ముందు సీట్లో దిండు మీద కూర్చున్న ఆవిడను చూసి ఎక్కనా మాననా అని తటపటాయిస్తే, "ఎక్కు నాయనా, నీ పెళ్ళికి నాది పూచీ" అన్నారు. ఊరేగింపంతా నవ్వులే.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ల్యాబు పెద్దదయింది. బండి నడపడం మాత్రం ఆవిడ ఎవరికీ వదల్లేదు. వారానికి రెండుసార్లు ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో నేను, ఒళ్ళో శాంపిలు సీసాల పెట్టె.

పక్కన కూర్చునేదాన్ని కాబట్టే ముందు నాకు తెలిసింది. చల్లపల్లి సెంటరులో ఎడం పక్కనుంచి వచ్చిన సైకిలును ఆవిడ చివరి క్షణంలో చూశారు. బ్రేకు వేసి, సైకిలువాణ్ణే తిట్టారు. ఆ తర్వాత దుకాణంలో ఎడంవైపు మేత బస్తాలను రాసుకుంటూ నడవడం చూశాను. టీ గ్లాసు బల్ల అంచు అవతల పెట్టి వదిలేశారు ఒకసారి. కంట్లో వేసుకునే చుక్కల సీసా బండి అరలో కనపడింది. దాని పేరు నాకు తెలుసు, మా మేనత్తకి నీటికాసులు వచ్చినప్పుడు ఇవే వాడారు. ఎదురుగా ఉన్నదంతా శుభ్రంగా కనపడుతూనే, పక్కచూపు కొంచెంకొంచెంగా చెరిగిపోయే జబ్బది. రెండు రోజులు నిద్రపట్టలేదు. మూడోరోజు ల్యాబులో ఎవరూ లేకుండా చూసి చెప్పాను.

"పిన్నిగారూ, మీకు ఎడం పక్క కనపడట్లేదండి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. పక్కనే కూర్చుంటున్నాను కదా."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ప్రసాదు ఫోన్ చేశాడా నీకు?"

"లేదండి."

"మరి వాడి మాట నీ నోట్లోకి ఎలా వచ్చింది? బండి నేర్పింది నేను. నా తాళాలు లాక్కోడానికా నేర్పాను?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ దగ్గర అంత పెద్ద మాట అంతకుముందు పడలేదు. అన్నం పెట్టిన మనిషి, నడక నేర్పిన మనిషి. మాట వెనక్కి తీసుకోవాలని నాలుక దాకా వచ్చింది. తీసుకోలేదు. "మీరు ఎంత తిట్టినా పడతానండి. కాని మీరు నడిపితే నేను ఎక్కను. రోడ్డు మీద పిల్లలుంటారు" అన్నాను.

"ఎక్కకు" అని వెళ్ళిపోయారు.

తర్వాత చాలా రోజులు మా మధ్య పని మాటలు తప్ప ఇంకేం లేవు. నేను మాత్రం రోజూ పొద్దున్న షెడ్డువైపు చూసేదాన్ని. బండి కదల్లేదు. ఒక ఆదివారం ఆవిడే ఫోన్ చేశారు. "రా. నాగాయలంక వెళ్ళొద్దాం. నువ్వు తోలు."

ఎడం పక్క సీట్లో కూర్చున్నారు. ఆవిడ దిండు నా సీటు మీదే ఉంది. తీసి ఇవ్వబోతే వద్దన్నారు. అవనిగడ్డ దాటాక అన్నారు: "నేను తల తిప్పను, ఎదురుగానే చూస్తాను. కనపడినవన్నీ చెప్తాను. వదిలేసినవి నువ్వు చెప్పు. జాలిపడి అబద్ధమాడావో, ఇక్కడే దిగి బస్సెక్కుతాను."

మెల్లగా పోనిచ్చాను. "ముందు ట్రాక్టరు. కుడిపక్క కాలవ. గట్టుమీద గేదెలు" అని చెబుతున్నారు, బళ్ళో పాఠం ఒప్పజెప్పే పిల్లలా. కొంతదూరం పోయాక, "ఏమన్నా వదిలానా?" అన్నారు.

"గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకామె నడుస్తోందండి. ఎడం పక్క."

"ఎంత దగ్గర?"

"మన అద్దం తగిలేంత."

మళ్ళీ మొదలుపెట్టారు. కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే బస్సు. గొంతు కొంచెం తగ్గింది. నేను అన్నాను: "సైకిలు దాటామండి ఇప్పుడు. నడిపేది తండ్రి. ముందు కడ్డీ మీద పాప."

"పాపా?"

"అవునండి."

"ఆపు."

దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఇంజను ఇంకా తిరుగుతోంది, ఆ వణుకు ఆవిడ చేతికి తెలుస్తూ ఉండాలి. తండ్రీ పాపా సైకిలు మీద మమ్మల్ని దాటుకుంటూ ముందుకు వెళ్ళారు. ఆవిడ తల పూర్తిగా తిప్పి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత వచ్చి, కూర్చుని, తలుపు వేసుకున్నారు. "పద. ఎండెక్కకముందే శాంపిళ్ళు తీసుకోవాలి" అన్నారు. ఇంటికొచ్చాక బీరువాలోంచి రెండో తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. "రెండూ నీ దగ్గరే ఉంచు. నేను అడుగుతాను. అడిగినా ఇవ్వకు."

నిజంగానే అడిగారు. పక్కవీధిలోని గుడికే కదా అని ఒకసారి, ఊరికే షెడ్డులో స్టార్టు చేసి ఆపేస్తానని ఒకసారి. ఇవ్వలేదు. రెండోసారి చాలా కోపం వచ్చింది ఆవిడకి. సాయంత్రానికి నవ్వి, "మంచిదానివే, మాట మీద నిలబడ్డావు" అన్నారు. సంగతి తెలిసి ప్రసాదు గారు గుడివాడ నుంచి వచ్చారు. ఈసారి బండి మాట ఎత్తలేదు. వదిన గారి పక్కన కూర్చుని, "నేనూ ఏళ్ళ తరబడి బండి నడిపినవాణ్ణే వదినా, కాని మీ అంత బాగా నడపలేదు ఎప్పుడూ" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆ ఒక్కసారే చూశాను.

ఆ తర్వాత ఆవిడ ఎన్నడూ వెనక సీటు ఎక్కలేదు. ఎడం పక్కనే కూర్చుని, చూపు బాగా తగ్గాక కూడా, ఇంజను చప్పుడు విని "మూడో గేరు వెయ్యి" అనేవారు. చెరువులు కౌలుకిచ్చేసిన ఏడాది బండిని పెడనలో పెళ్ళిళ్ళకు కార్లు తిప్పే ఒకాయనకి అమ్మేశారు. షెడ్డులో దాచుకోమని నేనంటే, "తిరగని బండి బండి కాదే" అన్నారు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో, నిద్రలోనే పోయారు.

ల్యాబు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఈ పనిలో కష్టమైంది పరీక్ష కాదు, ఫలితం చెప్పడం. మొన్న కృత్తివెన్ను నుంచి ఒక యువరైతు రొయ్యలు పట్టుకొచ్చాడు. మొదటి పంట. చెరువుకి తెల్లమచ్చ తగిలింది, రోజుల్లో రొయ్యనంతా చంపేసే తెగులు. చెప్పగానే అతను లేచి నిలబడి, మీ మిషను తప్పన్నాడు, మీకు రాదన్నాడు, గిట్టనివాళ్ళెవరో ఇలా చెప్పమని ఉంటారన్నాడు. మా కొత్త అమ్మాయి భయపడి, "ఇంకోసారి చేసి చూద్దామని చెప్పండి మేడమ్, చల్లబడతాడు" అని నా చెవిలో గొణిగింది. అప్పటికే రెండుసార్లు చేశాను. అదే చెప్పాను అతనితో. ఇంకా పెద్దగా అరిచాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. అతని గొంతు అలిసి, బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నాక, నీళ్ళగ్లాసు అతనివైపు జరిపి, "పక్క చెరువులకి అంటుకోకుండా చూడాలి. పద బాబూ, నేనూ వస్తాను" అన్నాను.