నెరిసిన మొదళ్లు

మెదడు ఆపరేషన్‌కి ముందు తలలు గీసే పని గుండు బాబాయిది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే గది, అదే ఎత్తు స్టూలు, కాలితో తొక్కితే మూత లేచే అదే చెత్తడబ్బా. అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. ఆయనా పట్టించుకోలేదు.

మొదట్లో డబ్బా నిండా నల్లజుట్టే. బైకుల మీంచి ఎగిరిపడ్డ కుర్రాళ్లు, కడుతున్న మేడల మీంచి జారిన మేస్త్రీలు. ఇసుకా నెత్తురూ కలిసి అట్టకట్టిన జుట్టు ఓ పట్టాన కత్తికి లొంగేది కాదు. హెల్మెట్ లేనివాళ్లని పట్టుకోవడం మొదలయ్యాక ఆ తలలు తగ్గాయి. వాటి చోటికి తెల్లవి వచ్చాయి. బాత్రూమ్‌లో జారినవాళ్లు, మంచం దిగుతూ తూలినవాళ్లు.

ఒక కుర్ర డాక్టరమ్మ పాత కేసు కాగితాలన్నీ ముందేసుకుని ఏ ఏడు ఎంతమంది, ఏ వయసువాళ్లు అని లెక్క తీస్తుంటే బాబాయికి నవ్వొచ్చింది. నా చెత్తడబ్బాని అడిగితే చెప్పేది కదమ్మా అన్నాడు. ఆవిడా నవ్వేసి అసలు సంగతి చెప్పింది. పెద్దవాళ్లకి నెత్తురు ఒక్కసారిగా రాదట. పడ్డాక తల లోపల సన్నగా, వారాల తరబడి చేరుతుందట. మాట తడబడితే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారట. అందుకే ఆలస్యంగా తెచ్చినవాళ్ల లెక్క కూడా వేరే రాస్తున్నానంది.

ఇక చూడాలి బాబాయి నోరు! తెల్లతల వచ్చిందంటే చాలు, పడ్డ మనిషిని ఇన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారయ్యా, కళ్లు మూసుకుపోయాయా అని కొడుకుల్నీ కోడళ్లనీ ఎడాపెడా వాయించేవాడు. ఇంటికెళ్లి ఆ గొప్పంతా భార్యకి చెప్పుకునేవాడు. ఆమెకి అరవై నాలుగు. నెలకో ఆదివారం ఆయన చేతే జుట్టుకి రంగు వేయించుకునేది.

"మీ ముసలాళ్ల లెక్కలో నన్ను మాత్రం కలపకండేం" అనేది.

ఓ శుక్రవారం ఆమె బాత్రూమ్‌లో జారింది. తల గోడకి కొట్టుకుంది, అంతే అంది. ఆదివారం రంగు వేస్తుంటే ఎడమ చెవి పైన బొప్పి ఆయన వేళ్లకి తగిలింది. ఆమె చురుక్కుమన్నట్టు తల లాక్కుంది. గోడకేమీ కాలేదు కదా అని హాస్యమాడి, ఆ బొప్పి మీద కూడా నల్లగా రంగు పూశాడు.

రెండో వారంలో ఆమె కూరలో రెండుసార్లు ఉప్పేసింది. గరిటెకి మాట దొరక్క, "అదండీ... అదీ..." అంటూ చెయ్యి ఊపింది. "నీకు వయసైపోయిందే" అన్నాడు బాబాయి. మొదటిసారి ఆమెకి కోపమొచ్చింది. రెండోసారి అలా చూస్తూ ఉండిపోయింది. మూడో వారం దాటిన రోజున, తెల్లారి ఎంత పిలిచినా లేవలేదు.

ఎప్పుడు పడిందని డాక్టరమ్మ అడిగింది. ఎన్నో ఇళ్లవాళ్లని దులిపేసిన ఆ నోటితోనే చెప్పాడు.

"ఇరవై రెండు రోజులమ్మా. బొప్పి నా చేతికే తగిలింది. నేనే దాని మీద రంగేశాను."

వేరేవాళ్లు గీస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కత్తి పెట్టేముందు జుట్టు పాయ తీశాడు. పైనంతా నలుపు, మొదళ్లలో సన్నగా తెలుపు. రంగేశాక జుట్టు ఏ మాత్రం పెరుగుతుందో ఆయనకి తెలియనిదా! ఆ తెలుపంతా తను ఊరుకున్న రోజులే. ఎక్కడా గాటు పడనివ్వలేదు. డబ్బాలో చాలాకాలానికి నల్లజుట్టు పడింది.

ఆపరేషన్ చేశారు. మూడో రోజు ఆమె పోయింది.

పదిహేను రోజుల తర్వాత పనిలోకి వచ్చాడు. డాక్టరమ్మ ఆయన్ని చూసి లెక్కల కాగితాలు పక్కకి జరిపింది. ఆయన వాటిని మళ్లీ ఆవిడ ముందుకి తోశాడు.

"ముసలాళ్లలో కలపొద్దని మా ఆవిడ అనేదమ్మా. అయినా కలపండి. ఆలస్యంగా తెచ్చినవాళ్ల లెక్క కూడా రాస్తున్నారు కదా, అందులో నన్ను రాయండి."