మర్యాదకు పనికిరాని బీపీ మాత్ర

2004 ఫిబ్రవరి 2, సోమవారం, ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు నేనొక మాత్ర మింగాను. తొమ్మిదిన్నరకల్లా మా చెల్లెలి కూతురి పెళ్లి మునిగిపోయేంత పని చేశాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కానీ వరస తప్పకుండా వినండి.

అది అప్పటికింకా దుకాణాల్లోకి రాని బీపీ మందు. తెనాలిలో మా డాక్టరు కొందరి మీద పరీక్షిస్తూ నన్నూ చేర్చుకున్నాడు. "రక్తనాళాలను వదులు చేస్తుందమ్మా. మొదటి మాత్ర రాత్రి పడుకునేముందే వేసుకోండి. గబుక్కున లేవకండి" అని మరీ మరీ చెప్పాడు. అయితే మాత్ర వేళలు, ఒంట్లో తేడాలు రాయమని ఆయనిచ్చిన పుస్తకంలో మొదటి గడి 'ఉదయం'. గడి ఖాళీగా వదలడం నా ఒంటికి పడదు. వేసేసుకున్నాను. ఎక్కడ? బాపట్లలో, చెల్లెలి ఇంట్లో, పెళ్లిచూపుల రోజున!

రాహుకాలం దాటగానే రేపల్లె వాళ్లు దిగారు. పెళ్లికొడుకు తండ్రి గుమ్మంలో అడుగు పెట్టగానే మర్యాదగా లేచాను. గది గిర్రున తిరిగింది. కూలబడ్డాను.

"లేచి నిలబడవేంటే అక్కయ్యా? వాళ్లేమనుకుంటారు!" చెల్లెలు సరోజ చెవిలో బుసకొట్టింది.

"లేచాగా! నువ్వు చూడలేదు."

బీపీ సంగతి చెప్పనా? 'ఆ ఇంటి ఆడవాళ్లకు జబ్బులట' అని సంబంధం వెనక్కి పోదూ? అంతలో పెళ్లికొడుకు తల్లి వచ్చింది. ఈసారి స్ప్రింగులా లేచి, నరికిన అరటిచెట్టులా ఆవిడ పాదాల మీద పడ్డాను. చేతిలోని కాఫీ నాకంటే ముందే ఆవిడ చీర చేరింది.

"అయ్యయ్యో! పెద్దవారు, నా కాళ్లకి దణ్ణమేంటండీ? నాకు ఆయుక్షీణం!"

"మా ఇంటి ఆచారమండి" అన్నాను, నేల మీది నుంచే.

"ఎప్పట్నుంచే?" అంది సరోజ. తోడబుట్టినవాళ్లను మించిన శత్రువులుంటారా?

ఆవిడ నన్ను లేపబోయి ఆగింది. పక్కనే చతికిలబడి గొంతు తగ్గించింది. "వదినగారూ, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?"

"ఎనిమిదికండి."

"తెనాలి డాక్టరేనా? నేను పోయిన శుక్రవారం బస్సులో కండక్టరు ఒళ్లో పడ్డానండి. మా ఆయనక్కూడా తెలీదు. మీరు ఎక్కడా అనకండి."

"మీరూ అనకండి."

సంబంధం అక్కడే, నేల మీదే ఖాయమైంది.

మర్నాడు డాక్టరు నా పుస్తకం చూశాడు. అన్నీ నిజాయితీగా రాశాను: 9.20కి ఒకసారి, 9.27కి రెండోసారి. 'ఇతర వివరాలు' దగ్గర చోటు మిగిలితే, 'రేపల్లె వదినగారు, శుక్రవారం, కండక్టరు ఒళ్లో' అని కూడా చేర్చాను. డాక్టరు కంగారుపడి ఇద్దరినీ పరీక్ష నుంచి తీసేసి, అప్పటికప్పుడు రేపల్లెకు ఫోన్ చేశాడు. ఎత్తింది వాళ్లాయన.

అందుచేత ఇష్టదైవం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట గుమ్మంలోకి కలెక్టరే వచ్చినా కూర్చునే దణ్ణం పెడతాను.

నష్టం: కప్పు ఒకటి, సాసరు ఒకటి, నా కళ్లజోడు ఎడమ అద్దం, వెంకటగిరి చీర ఒకటి. వదినగారు నాతో మాట్లాడని రోజులు పదిహేడు.