తాగని మనిషి క్లోమం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసే ఎలియాజరు మందు వాసన చూసింది పక్కవాళ్ళ నోటి దగ్గరే. ఇంట్లో దగ్గు టానిక్కు కొన్నా మూత తీసి వాసన చూసి, అనుమానమొస్తే దొడ్లో పారబోసేవాడు. మా చర్చి సంఘంలో అంత నిష్ఠాపరుడు ఇంకొకడు దొరకలేదు కాబట్టే, నెలకోసారి ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరసల మధ్య తిరిగే పని ఆయనకిచ్చారు. ఆ రసం కాచేది ఆయన భార్య స్వర్ణకుమారి. పులిసిందేమోనని దాన్నీ వాసన చూసేవాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత, ముఖంలో కాస్త గర్వం. ఆ గర్వాన్ని దేవుడు క్షమించాడేమో గాని మా సంఘం మాత్రం గుర్తుపెట్టుకుంది.

రెండువేల ఆరులో ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకెళ్ళేది. ఊళ్ళో డాక్టరు స్కానింగు తీయించాడు. క్లోమంలో రాళ్ళున్నాయి. క్లోమమంటే పొట్ట వెనకాల నక్కి, తిన్నది అరిగించే రసం తయారుచేసే అవయవం. డాక్టరు గారు ఫిల్ము చూశారు, గోడ గడియారం చూశారు, మనిషినొక్కణ్ణే చూడలేదు.

"మందు మానెయ్యి" అన్నారు.

"నాకలవాటు లేదండి."

"అందరూ అదే అంటారు. తర్వాతోళ్ళని పిలు."

తోడు వెళ్ళిన నూకరాజు తలుపు దగ్గరే ఉన్నాడు. అదే మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ, సాయంత్రమైతే తూలకుండా ఇంటికి వెళ్ళిన పాపాన పోలేదు. అతను ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు, ఎదురైనవాళ్ళకు మాత్రమే చెప్పాడు. మర్నాడు బెల్లం దిమ్మల మధ్య కూర్చుని నిజంగానే బాధపడ్డాడు.

"ఏటి బావా, ఇన్నేళ్ళు కలిసి పన్జేసేం. మాకు తెలీకుండా ఎక్కడ తాగేవోడివి? ఒక్కనాడైనా మమ్మల్ని పిలవాలనిపించలేదేటి?"

సంఘం మాత్రం బాధపడలేదు, ఉత్సాహపడింది. కారణముంది. మా దగ్గర సాక్ష్యానికున్న గిరాకీ మార్కెట్లో ఒకటో రకం బెల్లానికి కూడా లేదు. ఆదివారం లేచి నిలబడి, నేను ఇలా పడ్డాను, దేవుడు ఇలా లేపాడు అని చెప్పాలి. తాగి పెళ్ళాన్ని కొట్టి మారినవాడి సాక్ష్యానికి జనం కళ్ళు తుడుచుకుంటారు. అసలు పడనే పడని ఎలియాజరు లేచి మాట్లాడితే ముందు వరసలోనే కునుకు తీసేవారు. ఇన్నాళ్ళకు ఆయన దగ్గర కాస్త వినదగ్గ సరుకు దొరికింది.

మా పాస్టరు బెన్‌హర్ గారు చాలా ప్రేమగా కూర్చోబెట్టి చెప్పారు. "ఒప్పుకుంటే తప్పేముంది ఎలియాజరూ? ఒప్పుకున్నవాడికే క్షమాపణ."

"సేసినోడు ఒప్పుకుంటాడు అయ్యగారూ. నేనేటి ఒప్పుకోను?"

ఈ జవాబులో అహంకారం ఉందని పెద్దలు తేల్చారు. సాక్ష్యం చెప్పేదాకా గిన్నె ముట్టుకోకూడదు, బల్లలో పాలు పొందకూడదు, వెనక బెంచీలో కూర్చోవాలి. రసం కాచే పని మాత్రం స్వర్ణకుమారి దగ్గరే ఉంచారు. తాగుబోతు ఇంట్లో కాచిన రసం పనికొచ్చింది, తాగుబోతు చెయ్యి పనికిరాలేదు. ఆయన వెనక బెంచీలో కూర్చుని, తన గిన్నె ఇంకొకరి చేతిలో వంకరగా వెళ్తుంటే చూసేవాడు. ఆ చూపు నేను చూశాను, నాకు ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు ఆయనకు విరేచనం తారులా నల్లగా అవడం మొదలైంది. ముఖం పాలిపోయింది. స్వర్ణకుమారి గమనించి అడిగితే, "మార్కెట్లో నల్లబెల్లం రుచి సూత్తన్నాను గదా, దాని రంగే" అన్నాడు. కాటా ఎక్కే ముందు దిమ్మ గిల్లి నోట్లో వేసుకోవడం అక్కడ మామూలే. ఇంకే ఊళ్ళోనైనా ఈ మాట చెల్లేది కాదు, అనకాపల్లిలో చెల్లింది. అసలు సంగతి వేరు. తాగుబోతులకే లోపల నెత్తురు కారుతుందని ఎవరో అనగా విన్నాడు. నెత్తురని నోరు విప్పితే ఇక తన మాట నమ్మే దిక్కుండదని నోరు మూసుకున్నాడు. పరువు కోసం పొలాలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను, నెత్తురు పోగొట్టుకున్నవాణ్ణి ఈయన్నే చూశాను.

ఒక ఉదయం కాటా మీద దిమ్మ ఉండగానే నెత్తురు కక్కుకుని దాని పక్కనే పడిపోయాడు. ఎత్తుకుని ఆటోలో వేసింది నూకరాజే, ఆ మాట చెప్పుకోవాలి. చుట్టూ మూగినవాళ్ళు "చూశారా, తాగుడు ఎంత పని చేసిందో" అని ఒకరికొకరు బోధించుకున్నారు.

విశాఖపట్నం ఆసుపత్రిలో సర్జన్ త్రినాధరావు గారు ప్రాణం నిలబెట్టారు. తర్వాత ఆయనే మంచం పక్కన నిలబడి భార్యాభర్తలకు విడమరిచి చెప్పారు. రాళ్ళు అడ్డుపడి దారి తప్పిన క్లోమరసం, తిండిని అరిగించడం మానేసి పక్కనున్న రక్తనాళం గోడను అరిగించింది. గోడ పల్చబడి బుడగలా ఉబ్బింది, ఉబ్బినచోట చిల్లిపడింది. అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా పేగులోకి కారిన నెత్తురే ఆ నలుపు. తొడ దగ్గర నాళంలోంచి సన్నగొట్టం పంపి, బుడగలో తీగచుట్టలు కూరి మూశారు. ఒంట్లో సత్తువ వచ్చాక పొట్ట కోసి రాళ్ళు తీస్తామన్నారు. నల్లబెల్లం కథ అబద్ధమని స్వర్ణకుమారికి అప్పుడు తెలిసింది.

"మందు అలవాటుందా?" అని అడిగారు సర్జన్ గారు.

"లేదు బాబూ."

"లేదు. రాసుకోమ్మా" అని పక్కనున్న జూనియర్ డాక్టరుకు చెప్పారు.

అంతే. అందరూ అదే అంటారని అనలేదు. అంత నెత్తురు పోయినా ఏడవని మనిషి ఆ ఒక్క మాటకు దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

సర్జన్ గారు ఆశ్చర్యపోయి, మన వైపు తాగనివాళ్ళకూ ఈ జబ్బు వస్తోందని, వాళ్ళలో రక్తనాళాలు ఎలా దెబ్బతింటున్నాయో, ఎప్పుడు ఆపరేషను చెయ్యాలో తాను పరిశోధన చేస్తున్నానని చెప్పారు. "మీ వివరాలు అందులో వాడుకోవచ్చా?"

"నా పేరు ఏత్తారా బాబూ?"

"లేదు లేదు, పేరు బయట పెట్టకూడదు. మీకేం భయం లేదు."

"భయం కాదు బాబూ. ఎయ్యండి. పెద్దచ్చరాలతో ఎయ్యండి."

వెయ్యలేదు. శాస్త్రం ఒప్పుకోదట. పొట్ట ఆపరేషను కూడా అయ్యాక, ఏడాది పైన పట్టింది ఆ పరిశోధన వ్యాసం అచ్చవడానికి. సర్జన్ గారు ఒక కాపీ ఇచ్చారు. మద్యం అలవాటు లేని నడివయసు పురుషుడు అని ఇంగ్లీషులో ఉంది, కుట్లున్న పొట్ట ఫొటో ఉంది. ఎలియాజరు దాన్ని బైబిల్లో పెట్టుకుని, బల్ల ఉన్న ఆదివారం గుడికొచ్చి, పాస్టరు గారి చేతికిచ్చాడు.

పాస్టరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది ఎవరి పొట్టో ఎలా తెలుస్తుంది ఎలియాజరూ?"

ఎలియాజరు ఇస్త్రీ చొక్కా పైకెత్తాడు. ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు, పెద్దలు తల వంచి మరీ చూశారు. ఫొటోకు, పొట్టకు కుట్లు సరిపోయాయి. అప్పుడు పెద్దల్లో ఒకడు గొంతు సవరించుకుని, ఎంతో ఆలోచించి అన్నాడు. "పొట్ట ఇతనిదే. కానీ తాగనని డాక్టరుకు చెప్పింది కూడా ఇతనే కదా?"

ఎలియాజరు చొక్కా దించుకున్నాడు. ఆ క్షణాన ఆయన ఓడిపోయాడు, ముఖంలో తెలిసిపోయింది. "సరే అయ్యగారూ, తాగేననే సెప్పేత్తాను" అని సాక్ష్యం మొదలెట్టబోయాడు.

స్వర్ణకుమారి లేచింది. ఆవిడ సాక్ష్యం చెప్పడం మేమెప్పుడూ వినలేదు.

"డాక్టర్ని అడిగేరు. నూకరాజు మాట నమ్మేరు. కాయితాన్ని అడిగేరు, పొట్టనీ అడిగేరు. ఇరవయ్యేళ్ళుగా ఆ మనిషి పక్కన పడుకుంటన్నదాన్ని, నన్నెవరైనా అడిగేరా? తాగొత్తే ముందు తెలిసేది నాకు. తన్నులు తినేదాన్ని నేను. ఆయన నెత్తురు పోతన్నా నాకు సెప్పలేదు, మీకు జడిసి సెప్పలేదు. ఆరోజు సచ్చిపోయుంటే తాగి సచ్చేడని పాతిపెట్టి, మళ్ళీ నెల బల్లకి రసం కాయమని నా ఇంటికే వచ్చుందురు."

పాస్టరు గారు ఆ కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, చివరికి గిన్నె తీసి ఎలియాజరు చేతికిచ్చారు. ఆయన దాన్ని పట్టుకుని నేరుగా ఆడవాళ్ళ వైపు నడిచాడు.

"ముందు పెద్దలకివ్వాలి ఎలియాజరూ" అన్నారు పాస్టరు గారు.

"ముందు సాక్ష్యం సెప్పినోళ్ళకి అయ్యగారూ" అని, గిన్నె స్వర్ణకుమారి పెదాల దగ్గర పెట్టాడు.