బ్రెన్ గన్ పోలేరయ్య

పదకొండేళ్లు మద్రాసు రెజిమెంటులో పనిచేసి, 1961 ఎండాకాలంలో పోలేరయ్య నెల్లూరు దగ్గర సముద్రపొడ్డున ఉన్న తన ఊరు మైపాడుకు తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద ఒక్క గాయం కూడా లేదు. చూడటానికి వచ్చినవాళ్లు అతని కాళ్లూ చేతులూ తడిమి సంతోషించారు. వాళ్లడిగిన మాటలకు అతను తల ఊపుతూ కూర్చున్నాడు. ఒక్క మాటా సరిగ్గా వినపడలేదని వాళ్లకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది.

మనిషి పొట్టివాడు, బక్కపలచన. అయినా బ్రెన్ గన్ పట్టడంలో అతన్ని మించినవాడు రెజిమెంటు శిక్షణ కేంద్రంలో లేడు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు దాన్ని నేర్పేది అతనే. నేల మీద బోర్లా పడుకుని కాల్చే మరతుపాకి అది. ముందు రెండు కాళ్ల మీద నిలబడుతుంది, వెనక చెక్క భుజానికి ఆనుతుంది. మీట నొక్కితే గుళ్లు వరసగా పోతాయి. ప్రతి గుండుకూ తుపాకి వెనక్కి తన్నుతుంది. కండలు తిరిగిన కుర్రాళ్లు ఆ తన్నును బలంతో ఆపాలని చూసేవాళ్లు. ఒళ్లు ఏటవాలుగా పెట్టి బిగుసుకుపోయేవాళ్లు. గొట్టం పైకి లేచి, గుళ్లన్నీ ఆకాశానికి పోయేవి. పోలేరయ్య వాళ్ల పక్కన పడుకుని నడుము సరిచేసేవాడు. తుపాకి వెనక ఒళ్లు తిన్నగా ఉండాలి. కాళ్లు ఎడంగా చాపాలి. ఎడమచేత్తో చెక్కను భుజంలోకి లాక్కోవాలి. నాలుగైదు గుళ్లకోసారి వేలు వదలాలి. అప్పుడు ఆ తన్ను భుజంలోంచి నడుముకు, నడుములోంచి మడమలకు దిగి నేలలో కలుస్తుంది.

చెవుల్లో దూది పెట్టుకోమని పై అధికారులు చెప్పేవాళ్లు. పెట్టుకుంటే కుర్రాళ్ల సందేహాలు వినపడవని తీసేసేవాడు. ఏడేళ్లు అలా పడుకున్నాక కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవిలో ఎప్పుడూ సన్నటి ఈల మిగిలింది. మిలిటరీ డాక్టర్లు పరీక్షచేసి ఇంటికి పంపేశారు.

అతని భార్య గురవమ్మకు అన్న అయిన మస్తానయ్య, చేపలవేటకు వెళ్లే తన దుంగల తెప్ప మీద చోటిచ్చాడు. పోలేరయ్యది ముందు తెడ్డు. వెనక తెడ్డు పట్టిన మస్తానయ్య, పెద్ద అల విరిగిపోగానే "వెయ్!" అని అరుస్తాడు. అందరూ ఒక్కసారిగా తెడ్లు వెయ్యాలి. ఆ అరుపు వినపడక, మూడు వారాలు వెనకవాళ్ల ఊపును బట్టి నెట్టుకొచ్చాడు పోలేరయ్య. ఒకరోజు పొద్దున ఆ ఊపు అందలేదు. తెప్ప అడ్డం తిరిగింది, అల దాన్ని బోర్లా కొట్టింది. వల పోయింది. చిన్నపోలయ్య అనే ఆయన కాలు దుంగల మధ్య నలిగి విరిగింది.

మస్తానయ్య కోప్పడలేదు. అతని ఎడమచెవి దగ్గరికి వచ్చి, "నువ్వు ఒడ్డున వలలు బాగుచేస్తా ఉండు బావా. నీ వాటా నీకిస్తాం" అన్నాడు.

ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

మరుసటేడు కార్తీకంలో చైనాతో యుద్ధం వచ్చింది. పోలేరయ్య పెట్టె అడుగునున్న ఖాకీ చొక్కా తొడుక్కుని నెల్లూరు బస్సెక్కాడు. సైన్యంలోకి మనుషుల్ని తీసుకునే చోట వరసలో నిలబడ్డాడు. బల్ల వెనకున్న ఆయన ఏదో అడిగాడు. మళ్లీ అడిగాడు. వెనకవాడు వీపు మీద తట్టాక తెలిసింది, అడిగేది తననేనని.

"యుద్ధానికొద్దు సార్. నేర్పేదానికి పెట్టుకోండి. తుపాకి ఎట్లా తన్నేదీ నా భుజానికి తెలుసు" అన్నాడు. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియదు. వరసంతా తిరిగి చూసింది.

ఆయన ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాడు: 'పెద్దవారు. ఇంటికి వెళ్లండి.' పోలేరయ్యకు అప్పటికి ముప్పయ్యొక్క ఏళ్లు.

ఊరికి వచ్చేసరికి గురవమ్మ ఇసుకలో చేపలు ఆరబోస్తోంది. అతని ముఖం చూసి సంగతి గ్రహించి, చెవి దగ్గర అరిచింది: "ఆ తుపాకిలో ఏముండాదయ్యా? అన్నేండ్లు దాన్నే పట్టుకోని ఏలాడినావు!"

అతను తెడ్డు తెచ్చి, ఇసుకలో బోర్లా పడుకుని, దాని చివర భుజానికి ఆనించాడు. "అటుపక్క పట్టుకోని నెట్టుమే" అన్నాడు. ఆమె నెట్టింది. అతను కదల్లేదు. "ఇప్పుడు నువ్వు పండుకో."

ఆమె చుట్టూ చూసి, కొంగు బిగించి పడుకుంది. అతను ఆమె భుజం సరిచేసి, అటువైపుకు వెళ్లి తెడ్డును చిన్న చిన్న పోట్లుగా నెట్టాడు. మూడో పోటుకు తెడ్డు జారి ఆమె పక్కకు దొర్లింది. ముఖమంతా ఇసుక. నోరు తెరిచి, భుజాలు అదిరేలా నవ్వుతోంది.

పోలేరయ్య చూస్తూ ఉండిపోయాడు. ఆ నవ్వు వినపడలేదు. ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామనుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఏడాదికి రెండు నెలల సెలవులోనే ఇంటి దగ్గర ఉన్నాడు. ఆ నెలల్లో ఇంటికి తాటాకు కప్పాడు, మగవాళ్లతో కూర్చుని తుపాకుల సంగతులు చెప్పాడు. ఆమె నవ్వు ఒక్కసారి కూడా మనసులో పడలేదు.

"ఏందయ్యా, అట్లా చూస్తుండావు?" అని ఆమె పెదవులు కదిలాయి.

"ఏంలేదుమే" అని తెడ్డు తీసుకుని లేచాడు.

తర్వాతి ఏళ్లలో సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో, రెండు దుంగల చిన్న తెప్ప మీద ఒడ్డు కనపడేంత దూరంలో ఒక్కడే వేటాడేవాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చి తినేవాడు. మొదట్లో గురవమ్మ అరిచి అరిచి చెప్పేది. తర్వాత చేత్తో చూపించడం అలవాటు చేసుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్లు. ఆమె ఎప్పుడు మాట్లాడటం మానేసిందో అతనికి తెలియలేదు.