కర్పూరం మీద ఒక మాట, బైబిలు మీద ఒక మాట

ఎర్రగుంట్ల దగ్గరి మా ఊళ్లో మొన్నటి ఎన్నికలప్పుడు మా చిన్నమ్మకు నిద్ర కరువైంది. ఒక పార్టీవాళ్లు ఇంటికి వచ్చి, వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టించి, ఓటు మాకేనని ఒట్టు వేయించుకున్నారు. రెండో పార్టీవాళ్లు ఇంకాస్త తెలిసినవాళ్లు. ఆమె ఆదివారాలు చర్చికి పోతుందని విని బైబిలు తెచ్చారు. ఇంటికొచ్చినవాళ్లను కాదనడం మర్యాద కాదని ఆమె దాని మీదా చెయ్యి పెట్టింది.

"ఎవురికేసినా ఒక దేవునికి మాట తప్పినట్లే గదప్పా! ఏమన్నా దోవ ఉండాదా?" అని నన్నడిగింది. నేను చదివిన డిగ్రీలో ఆ పాఠం లేదు.

పోలింగు దగ్గర పడ్డాక పూజారి, పాస్టరు, మసీదు హజ్రత్ కలిసి రేషన్ షాపు ముందు ఐక్యతా సభ పెట్టారు. ఐక్యత మీద నాకేమీ కోపం లేదు. ఎన్నికల ముందు వస్తే మాత్రం కొంచెం జాగ్రత్తపడతాను. షామియానా ఏ పార్టీ రంగో చూశాను. తెల్లగా ఉంది. అనుమానం ఇంకా పెరిగింది.

"ఓటు కోసం పెట్టిచ్చుకున్న ఒట్టు మా సామి లెక్కలోకి రాదు" అన్నాడు పూజారి. పాస్టరు తమ దగ్గరా అంతేనన్నాడు. "ఓటు మీ ఇష్టం. ఏసినాక ఒకరి మీద ఒకరు రాళ్లెత్తొద్దు, అంతే" అన్నాడు హజ్రత్.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ముగ్గుర్నీ మీరే కొన్నారు గదప్పా?" అన్నాడు నా పక్కనున్న ఒక పార్టీ ఆయన, రెండో పార్టీ ఆయనతో.

"యాడిది! మీరే కొన్నారనుకుంటాండా."

పోయిన ఎన్నికల నుంచి పలకరించుకోని ఆ ఇద్దరూ, అయితే మరి ఎవరు కొన్నారో తేల్చడానికి ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. సభ కోరుకున్న ఐక్యత ఇదో కాదో నేను చెప్పలేను.

చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని నేరుగా పూజారి దగ్గరికే పోయింది. "నిజం చెప్పు సామీ, ఇదంతా మీతో ఎవురన్నా చెప్పిచ్చినారా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాతో గూడా పెట్టిచ్చుకున్నారు తల్లీ ఒట్టు. రెండు పార్టీలోళ్లూ."

సభ ఎవరి అవసరమో అప్పుడు తెలిసింది. చిన్నమ్మకు మాత్రం శానా ధైర్యం వచ్చింది. ఆ రాత్రి గురక వినిపించింది.

పోలింగు రోజు వేలి మీద సిరాతో, తేటపడిన ముఖంతో తిరిగొచ్చింది.

"ఎవురికేసినావు చిన్నమ్మా?"

నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నిన్నెవురు పంపిచ్చినారప్పా?"